మైస్కేకి వినపడని ప్రశ్న

మాస్కు మొహానికి సరిగ్గా సరిపోయిందో లేదో చూద్దామని మైస్కే ఊపిరి బిగబట్టి, చేతులు రెండూ గాల్లోకి ఎత్తి నిలబడి ఉంది. పట్టీలు బిగించలేదు. ముక్కుతో గాలి లోపలికి పీల్చితే చాలు, సరైన మాస్కైతే దానంతటదే మొహాన్ని కరుచుకోవాలి. ఇది కరుచుకుంది. నుదుటి నుంచి చుబుకం కింది దాకా కళ్ళూ ముక్కూ నోరూ అన్నీ ఒకే అద్దం లోపల.

సరిగ్గా అప్పుడే గుబురు గడ్డం మనిషెవడో కొట్లోకి వచ్చాడు. ఆమెను చూసి గావుకేక పెట్టాడు. ఒక్క గెంతులో కౌంటరు దాటొచ్చి మాస్కు పట్టుకుని ఫట్‌మని లాగేశాడు.

"అబ్బా, నా బుగ్గలు! ఎవరండీ మీరు?"

"ఊపిరాడక పోతున్నారనుకున్నానండీ!"

"సీలు చూసుకుంటున్నానండీ! కొనేముందు చూసుకోరా ఎవరైనా?"

"నోరు కూడా మూసేసుకుని చూసుకోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. పైగా కళ్ళు ఇంత లావున బయటికొచ్చేశాయి."

"నా కళ్ళు ఎప్పుడూ ఇంతే!"

అతను అప్పుడు తీరిగ్గా చూశాడు. "అవునండోయ్. ఇప్పుడూ అంతే ఉన్నాయి," అన్నాడు. అని వెంటనే సిగ్గుపడి, కౌంటరు అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

లోపలి గదిలో అరటికాయ వేపుడు తింటున్న మేనత్త కేకేసింది. సముద్రంలోకి దిగేవాళ్ళ సరుకు అమ్మే ఆ కొట్టు ఆవిడదే. మనాదో రేవు దగ్గర అందరూ ఆవిణ్ణి తాంతే ఓల్గా, అంటే ఓల్గా అత్త, అంటారు.

"ఏమైందే అక్కడ?"

"ఏం లేదు తాంతే. ఒకాయన నన్ను బతికించాడు."

అతని పేరు నోవ్రి. బునాకెన్ దీవి దగ్గర సముద్రంలోకి దిగేవాళ్ళకి గైడు. ఈదడానికి కాలికి తొడుక్కునే ఫిన్‌కి పట్టీ తెగితే కొత్తది కొందామని వచ్చాడు. పట్టీ తీసుకున్నాడు గానీ వెళ్ళడు.

"ఇంతకీ ఆ మాస్కు ఎవరికి?"

"నాకే. నేను ఇంతవరకూ సముద్రంలో తల ముంచలేదు."

నోవ్రి కొట్టంతా ఒకసారి చూశాడు. సిలిండర్లు, ఫిన్‌లు, గొట్టాలు, గోడ నిండా మాస్కులు. "ఇవన్నీ అమ్ముతూనా?"

మైస్కే సంగతి అదే. ఈ సముద్రం ఒడ్డునే పుట్టింది, సముద్రంలోకి వెళ్ళేవాళ్ళకే సరుకు అమ్ముతోంది, కింద ఏముందో మాత్రం తెలీదు. గాలి పీల్చే రబ్బరు ముక్క పళ్ళ మధ్య పెట్టుకోగానే ఆమెకి కడుపులోంచి తన్నుకొస్తుంది. ఒకసారి ఈతకొలనులో ప్రయత్నం చేస్తే ఆ పూటకి కొలను మూసేయాల్సి వచ్చింది. అందుకని వచ్చిన ప్రతివాణ్ణీ అడుగుతుంది, కింద ఏం చూశారని. అందరూ "బాగుంది" అంటారు. అంత కిందికి పోయి, పైకొచ్చి, "బాగుంది" అని ఊరుకుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా?

మొహమంతా కప్పే మాస్కైతే నోట్లో ఏమీ పెట్టుకోనక్కర్లేదు. ముక్కుతో మామూలుగా ఊపిరి తీసుకోవచ్చు. లోపల మైకు పెట్టుకుంటే మాట్లాడుకోవచ్చు కూడా. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మైస్కేకి నిద్ర లేదు.

ఆ తర్వాత నోవ్రి సాయంత్రం పూట తరచుగా వచ్చేవాడు, మాస్కు ఎంచడంలో సాయం చేస్తానని. వస్తూనే ఆ రోజు కింద ఏం చూశాడో చెప్పేవాడు.

"ఇదెలా ఉంది? పైన గొట్టం కూడా ఉంది, చవక," అంది మైస్కే, పరీక్షించడానికి.

"అది నీటి మీద తేలుతూ చూసేవాళ్ళది. దాంతో లోతుకి దిగితే తాంతే నా పీక పిసుకుతుంది."

"పాసయ్యావు. మరి ఇది?"

"ఓడల అడుగున వెల్డింగు చేసేవాళ్ళది. నీ మెడ విరుగుతుంది."

"ఇదో?"

"మంచిదే. చెవులు మూసుకుపోతే ముక్కు నొక్కుకోవాలి కదా, లోపలి మెత్త నీ ముక్కుకి తగుల్తోందా?"

"లేదు. నాది చిన్న ముక్కు."

"చిన్నదేం కాదు. బాగానే ఉంది," అన్నాడు నోవ్రి. తర్వాత కాసేపు ఇద్దరూ ముక్కుల ఊసెత్తలేదు.

చివరికి మొదటి రోజు బుగ్గల మీద గుండ్రంగా ముద్ర వేసిన మాస్కే ఖాయమైంది. అలాంటిదే ఇంకోటి నోవ్రి మొహానికి పెట్టి చూసింది. మాట్లాడుకోవాలంటే రెండోవాడికీ ఉండాలి మరి. అది నిలవలేదు. గడ్డం సందుల్లోంచి గాలి బుస్సుమంది.

"గడ్డం తియ్యాలి," అంది మైస్కే.

"తియ్యను. గడ్డం లేకపోతే నేను బడిపిల్లాడిలా ఉంటాను. నన్ను నమ్మి నీళ్ళలోకి ఎవరు దిగుతారు?"

"నేను దిగుతాను."

అతను నవ్వలేదు. "నిన్ను తీసుకెళ్ళను మైస్కే. ఇప్పుడే కాదు."

"గడ్డం కోసమా?"

"అది కాదు..."

"తెలిసిందిలే. నీ గడ్డం నువ్వు దువ్వుకుంటూ కూర్చో!"

మర్నాడు నోవ్రి వచ్చేసరికి మైస్కే వీపు తిప్పుకుని గొట్టాలు సర్దుతోంది. అతను ఆ వీపుతోనే చెప్పాడు.

"కింద ఆ మాస్కులోకి నీళ్ళొచ్చాయనుకో. తీసేయాలి. తీసేస్తే నోట్లో రబ్బరు ముక్క పెట్టుకోవాలి, మామూలు మాస్కు తగిలించుకోవాలి. నువ్వది పెట్టుకోలేకపోతే అక్కడ నేనేం చెయ్యను? నాకు భయమేసింది. అంతే."

మైస్కే చేతులు ఆగిపోయాయి. ఏ రబ్బరు ముక్కని తప్పించుకుందామని ఇంత తతంగం చేసిందో, చివరికి అదే కావాలట. ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. కోపం అతని మీద కాదని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

"నువ్వు ప్రయత్నించిన ముక్క ఏది? చూపించు," అన్నాడు నోవ్రి.

చూపించింది.

"ఇది పెద్ద సైజు కదా. చిన్నపిల్లల సైజు లేదూ?"

మైస్కే సొరుగు లాగింది. దాన్నిండా పిల్లల సైజే. ఎంతమంది తల్లులకి అమ్మిందో! తన నోరు చిన్నదన్న ఆలోచనే రాలేదు. "వాగుడు చూసి పెద్ద నోరనుకున్నావే నువ్వు," అంది లోపల్నుంచి తాంతే.

చిన్న ముక్కతో కొలనులో సాధన మొదలైంది. మొదట్లో దగ్గు, తర్వాత కళ్ళనీళ్ళు, తర్వాత కాసేపు నిలకడ. మాస్కు తియ్యడం, ముక్క పెట్టుకోవడం, రెండో మాస్కు తగిలించి ముక్కుతో ఊది నీళ్ళు వెళ్ళగొట్టడం. మళ్ళీ మొదటికి. నోవ్రి ఒక్కసారీ విసుక్కోలేదు. అతను విసుక్కోకపోవడం మైస్కే గమనిస్తూనే ఉంది.

ఆదివారం చర్చి అయ్యాక పడవ ఎక్కడానికి వెళితే, రేవులో నున్నటి బుగ్గల కుర్రాడొకడు ఆమె మాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం బాబూ, మీ గైడు ఇంకా రాలేదా?" అని పడవాయన అడిగాడు.

"నేనే గైడుని," అన్నాడు నోవ్రి, నేలకేసి చూస్తూ.

మైస్కేకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి ఆగాక, ఆ మొహం వైపు ఇంకోసారి చూడాలనిపించింది. చూసింది. పడవలో కూర్చున్న తాంతే ఓల్గా స్పీకరు బల్ల మీద పెట్టుకుంది. కింద మాట్లాడేది పైకి వినపడుతుంది దాన్లో.

నీళ్ళ కింద మైస్కే నోరు మూతపడలేదు.

"అదేంటి?"

"చిలక చేప. పగడాన్ని కొరుకుతోంది."

"ఎందుకు?"

"దాని మీద నాచు తింటుంది. వినపడుతోందా, కరకర?"

వినపడింది! ఎవరూ చెప్పలేదే ఈ చప్పుడు సంగతి. పగడాల గట్టు ఒకచోట ఉన్నట్టుండి తెగిపోయి, కిందికి నీలం, ఇంకా కిందికి ముదురు నీలం. అంచున ఒక తాబేలు వీళ్ళనసలు లెక్కచెయ్యకుండా వెళ్ళిపోయింది.

"అదెక్కడికి పోతోంది?"

"అడిగి చెప్పనా?" అన్నాడు నోవ్రి. "మైస్కే, నిన్నొకటి అడగాలి..."

అప్పుడే చుబుకం దగ్గర చల్లగా తగిలింది. రబ్బరు కింద జుట్టు పాయ ఇరుక్కుంది. కొనేవాళ్ళందరికీ పదే పదే చెప్పే మాట, ఈ రోజు తనే మర్చిపోయింది. చూడాల్సిన గైడూ చూడలేదు. పాయ లాగబోతే మాస్కు జరిగి నీళ్ళు ముక్కు దాకా వచ్చేశాయి. మైస్కే మాస్కు తీసేసింది.

లోకమంతా మసక. మాట లేదు, చప్పుడు లేదు. ముక్క నోట్లో పెట్టుకుంది. గొంతులోకి పాత వికారం ఎగదన్నింది. ఇక్కడ నేను ఊపిరి తీసుకోవాలి, అంతే, అనుకుంది. తీసుకుంది. మళ్ళీ తీసుకుంది. రెండో మాస్కు తగిలించి ఊదేసరికి ఎదురుగా నోవ్రి, ఆమె భుజం గట్టిగా పట్టుకుని. పైకి పోదామా అని బొటనవేలు చూపించాడు. మైస్కే తల అడ్డంగా ఊపి, గట్టు వైపు వేలు చూపించింది. ఇంకా చూడాల్సింది చాలా ఉంది.

చూసింది కూడా. కానీ ప్రతి చేప వెనకా ఒకటే ప్రశ్న. ఏం అడగబోయాడు?

పైకొచ్చి పడవ అంచు పట్టుకోగానే అడిగేసింది. "ఏంటో అడగాలన్నావు?"

నోవ్రి బిక్కమొహం వేశాడు. "అడిగేశాను కదా. కళ్ళు మూసుకుని మొత్తం అడిగేశాను. కళ్ళు తెరిచేసరికి నీ మాస్కు నీ చేతిలో ఉంది."

మైస్కే పడవలోకి చూసింది. తాంతే ముక్కు చీదుకుంటోంది. పడవాయన ముసిముసిగా నవ్వుతున్నాడు.

"తాంతే! నువ్వు విన్నావా?"

"అంతా విన్నాను. తొమొహోన్ ఊళ్ళో ఉన్న మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను కూడా. వాడికిష్టమేనట."

"ఏది ఇష్టం? నాకు తప్ప అందరికీ తెలుసా?"

"మీ పడవాయనకీ ఇష్టమేనమ్మా," అన్నాడు పడవాయన.

మైస్కే నోవ్రి వైపు తిరిగింది. అతను తన మాస్కు కోసం చెయ్యి చాచాడు. "అది పెట్టుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుంది."

"వద్దు. నీ మొహం చూస్తూ వింటాను."

అలలు ఇద్దర్నీ ఊపుతున్నాయి. నోవ్రి నున్నటి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"రోజూ పైకి రాగానే, కింద ఏం చూశానో నీకు చెప్పాలని పరిగెత్తుకొస్తున్నాను. ఇకమీద చెప్పక్కర్లేకుండా నువ్వు నా పక్కనే ఉండి చూడాలని ఉంది. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"కింద కూడా ఇలాగే అడిగావా?"

"కింద ఇంకా బాగా అడిగాను."

"అయితే ఇంటికెళ్ళాక తాంతే దగ్గర ప్రతి మాటా చెప్పించుకుంటాను," అంది మైస్కే. "చేసుకుంటాను నోవ్రీ. ఇందాక నువ్వు నా భుజం పట్టుకున్నప్పుడే అనుకున్నాను. మరి మీ అమ్మకి ఎప్పుడు చెప్తావు?"

నోవ్రి జవాబు చెప్పేలోపే తాంతే ఓల్గా చేతిలో ఫోన్ లోంచి ఒక పెద్దావిడ గొంతు గట్టిగా వినపడింది. "ఏమందీ? చేసుకుంటానందా?"