నీళ్ళ ట్యూబు, వంటగది నేల

నివేద అన్నం క్యారియర్ తీసుకుని వచ్చేసరికి అమ్మ ఒక్కతే వంటగదిలో ఉంది. గుడియాత్తంలో ఆ ఇల్లు ఇంకా కడుతున్నారు. మిగతా పనివాళ్ళంతా బయట భోజనాలకు కూర్చున్నారు.

అమ్మ పేరు సుగన్య. మొన్నటిదాకా సిమెంటు మోసేది. పది రోజులు బస్సులో వేలూరికి పోయి వచ్చి, టైల్స్ పరిచే పని నేర్చుకుంది. మేస్త్రి చిన్నరాజు ఈ వంటగదిని ఆమెకే అప్పగించాడు. ఇది కుదిరితే ఇకమీదట ఆమెకు టైల్స్ పనే.

"పాపా, ఈ కొన గోడకి ఆనించి పట్టుకో. నీళ్ళు చిందనీయొద్దు" అంది అమ్మ.

అది నీళ్ళు నింపిన సన్నటి ట్యూబు. రెండు కొనల్లో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత పెడతారు. ఆ గీతలను బట్టే నేల సమంగా వస్తుంది. నివేదకు అదంతా ఏం తెలుసు? బొటనవేలితో కొనను గట్టిగా మూసేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది కూడా.

అమ్మ నీళ్ళ మట్టం మీదే చూపు నిలిపి, రెండు పక్కలా గోడ మీద గీతలు పెట్టింది. మేస్త్రి వచ్చి వాటి మధ్య దారం లాగి చూశాడు.

"ఏంది సుగన్యా, ఒక పక్క దిగిపోయి ఉండాది?"

అమ్మ ముఖం వాడిపోయింది. "నేర్పినట్టే చేసినాను మేస్త్రీ. ఇది నాకు రాదు. నేను సిమెంటే మోసుకుంటాను."

నివేద భయపడి వేలు తీసింది. ట్యూబులో నీళ్ళు జర్రున కదిలాయి. అప్పుడు అర్థమైంది. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ అమ్మ అప్పుడే బయటికి నడుస్తోంది.

"అమ్మా, తప్పు నాది. నేను వేలితో మూసేసినాను." చెబుతుంటేనే ఏడుపు వచ్చేసింది.

మేస్త్రి నవ్వాడు. "అంతేనా? గాలి ఆడకపోతే నీళ్ళు యాడికి పోతాయి పాపా? సుగన్యా, నీ పనిలో తప్పేమీ లేదు. నేను నేర్చుకునే దినాల్లో కట్టిన గోడనే రెండుసార్లు పడగొట్టినాను. మళ్ళా పెట్టు. నేను ఈడనే కూర్చోని ఉంటా. తొందరేమీ లేదు."

అమ్మ ఊపిరి పీల్చుకుంది. ఈసారి నివేద కొనను తెరిచే పట్టుకుంది. కాసిన్ని నీళ్ళు గౌను మీద చిందాయి. పడితే పడనీ అనుకుంది. దారం సమంగా నిలిచింది. నివేదకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

సాయంత్రానికి అమ్మ సగం నేల పరిచేసింది. చూద్దామని మేస్త్రి లోపలికి కాలు పెట్టబోయాడు.

"ఆడనే నిలుచుకోండి మేస్త్రీ. ఇంకా ఆరలేదు" అంది అమ్మ, తల ఎత్తకుండానే.

అంత పెద్ద మేస్త్రీ ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.