ఆపరేషన్ పిచ్చుక

"ఈ ఏడాది ఇద్దర్ని లేపేశాం," అన్నాడు చీఫ్, టీ ఊదుకుంటూ. "మూడోవాడి సంగతే తేలాలి."

ఏజెంట్ స్టెప్నీ నిబ్బరంగా తలాడించాడు. పోయినవాళ్ళిద్దర్నీ అతనెరుగును. మొదటిది సెడాన్. డిక్కీ పెద్దది, ఆర్భాటం తక్కువ, కుదురైన సంసారిలాంటి బండి. రెండోది స్టేషన్ వ్యాగన్. దాన్ని పొగిడినవాళ్ళు ఎక్కువ, కొన్నవాళ్ళు తక్కువ. పొగడ్తలతో ఫ్యాక్టరీ నడవదు కాబట్టి అదీ పోయింది. ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఏ మోడల్‌ని ఆపేస్తే, షోరూమ్‌లో అది నిలబడ్డ చోట ఒక పెద్ద మొక్కల కుండీ పెడతారు. ఖాళీ కనిపిస్తే కస్టమర్‌కి దిగులు పుడుతుందట. అమ్మకాలు ఎండిపోతున్నకొద్దీ షోరూమ్ పచ్చబడుతోంది.

సెక్యూరిటీ విభాగం ఆ షోరూమ్ కిందే, 'పాత టైర్లు' అని బోర్డున్న తలుపు వెనక ఉంటుంది. అక్కడ ఎవరికీ సొంత పేరుండదు. ఇంకో ఏజెంటుకి పంక్చరైతే తప్ప డిక్కీలోంచి తియ్యరు కాబట్టి ఇతను స్టెప్నీ. ఈసారి డీజిల్ అనే సీనియర్‌కి నడుం పట్టేసింది. అలా ఇతనికి యోగం పట్టింది.

చీఫ్ బ్రీఫింగ్ మొదలెట్టాడు. కార్లు కొనేవాళ్ళు తగ్గిపోతున్నారు. బోర్డు రెండుగా చీలింది. చిన్నకార్లు మానేసి, ఉన్నవాళ్ళకి ఏనుగుల్లాంటి బళ్ళు మాత్రమే అమ్ముదామంటోంది ఒక వర్గం. అమ్మేవి కొన్నే అయినా లాభం లావుగా ఉంటుందని వాళ్ళ ధీమా. కొత్త చిన్నకారు తెచ్చి మామూలు మనుషుల్ని మళ్ళీ షోరూమ్ గడప ఎక్కిద్దామంటోంది రెండో వర్గం. ఆ కొత్త కారు పేరు ప్రాజెక్ట్ పిచ్చుక. అసలు సైజులో చేసిన దాని క్లే మోడల్ డిజైన్ స్టూడియోలో ఉంది. దాన్ని స్కాన్ చేసి కొలతలు ఎత్తుకుపోవడానికి ఒక విదేశీ ముఠా దిగింది.

"అవి బయటికి పోతే, సార్?"

"చిన్నకార్ల లైను మూతపడుతుంది. కాపాడావనుకో..." చీఫ్ మిగతా మాట టీతోపాటు మింగేశాడు. ఆ ఖాళీని స్టెప్నీ తనే పూరించుకున్నాడు.

ముఠాలో కంపెనీ మనిషి ఒకావిడ ఉంది. కోడ్ నేమ్ కన్వర్టిబుల్. ఎండొస్తే టాప్ తీసేస్తుంది, వానొస్తే వేసేస్తుంది. జీతం ఇక్కడా తీసుకుంటుంది, అక్కడా తీసుకుంటుంది. నిజంగా ఎవరికి పనిచేస్తోందో బహుశా ఆవిడకీ గుర్తులేదు.

"ఆవిడ ఏం చెప్పినా తిరగేసి నమ్ము," అన్నాడు చీఫ్. "అదే మన డిపార్ట్‌మెంట్ రూలు."

తర్వాత గాడ్జెట్లు చేతికొచ్చాయి. కెమెరా ఉన్న ఫ్లాస్కు ఒకటి, అందులో టీ పోస్తే ఫోటో రాదు. పెన్ను ఒకటి, క్యాప్ తీస్తే చుట్టుపక్కల సిగ్నల్స్ అన్నీ ఆగిపోతాయి. క్యాప్ పారేస్తే ఇంకోటి ఇచ్చేది లేదని స్టోర్స్ గుమస్తా ముందే చెప్పాడు.

ఆ సాయంత్రం స్టెప్నీ అక్కవాళ్ళింటికి వెళ్ళాడు. తమ్ముడు గోడౌన్లో టైర్లు చూసుకుంటాడనే అక్క నమ్మకం. బావ మాత్రం నిజంగానే ఆ కంపెనీలో చిన్నకార్ల లైనులో తలుపులు బిగిస్తాడు. షిఫ్టులు కోసేసినప్పటినుంచీ ఇంట్లోనే ఉంటున్నాడు గాని చేతులు ఊరుకోవడం లేదు. బీరువా తలుపు, బాత్రూమ్ తలుపు, వంటింటి అలమార, అన్నీ విప్పి మళ్ళీ బిగించాడు.

"పక్కింటివాళ్ళ తలుపు కిర్రుమన్నా ఈయన ప్రాణం అటు లాగేస్తోందిరా," అంది అక్క. "స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళిపోతాడేమోనని గడియ పెట్టుకుని కూచుంటున్నా."

బావ నవ్వలేదు. పెద్దబళ్ళ లైనుకి మార్పించుకోవచ్చు కదా అని స్టెప్నీ అడిగితే, అక్కడ తలుపులు రోబోల మరచేతులు బిగిస్తాయని చెప్పాడు. వాటికి నడుం నొప్పి రాదు, యూనియన్ ఉండదు. చిన్నబండి ఉంటేనే తను ఉన్నట్టు. ఆ మాట అని, తాగేసిన గ్లాసుని బల్లమీద చప్పుడు కాకుండా పెట్టాడు.

స్టెప్నీ లేవబోతుంటే అక్క గిన్నెలు కడుగుతూ, ఇటు తిరక్కుండానే అంది. "పైవాళ్ళలో నీకెవరైనా తెలిస్తే ఓ మాట అనరా."

ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. చూద్దాంలే అన్నాడు గాని, మెట్లు దిగుతున్నంతసేపూ జేబులో పెన్ను తడుముకుంటూనే ఉన్నాడు. పిచ్చుక బతికితే బావ బతుకుతాడు.

మర్నాడు స్టెప్నీ క్లే మోడలర్ వేషంలో స్టూడియోలో అడుగుపెట్టాడు. ఏప్రన్, అతికించిన మీసం, చేతిలో మట్టి గీకే బ్లేడు. మధ్యలో పిచ్చుక నిలబడి ఉంది. గోధుమరంగు మట్టి, సగానికి వెండి రేకులాంటి ఫిల్మ్ అంటించారు. గుండ్రటి హెడ్‌లైట్లతో, అప్పుడే నిద్రలేచిన పసిపిల్లలా చూస్తోంది. మోడలర్లు మాత్రం పని ముట్టకుండా గోడకి ఆనుకుని కూచున్నారు. ఇవాళ పనిలేదా అని అడిగితే, "ఓవెన్ వేడెక్కాలి," అన్నాడు వాళ్ళలో పెద్దాయన, మొహం అటు తిప్పుకుని. ఓవెన్ ఎందుకో స్టెప్నీకి తెలీదు. తెలిసినట్టు తలాడించాడు. వేషంలో ఉన్నవాడు ప్రశ్నలడగకూడదు మరి.

అప్పుడు కన్వర్టిబుల్ వచ్చింది. సిల్క్ స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, మెడలో కన్సల్టెంట్ అని ట్యాగు. స్టూడియోలో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కసారి పొట్టలు లోపలికి లాక్కున్నారు. స్టెప్నీ ఆవిడ పక్కకి చేరి, చీఫ్ చెప్పిన కోడ్ మాట అందించాడు.

"ఏసీ మరీ ఎక్కువైనట్టుంది."

"స్విచ్ నా చేతిలో లేదు," అందావిడ.

తర్వాత పౌడర్ డబ్బా తీసి, ముక్కుకి అద్దుకుంటూ పిచ్చుక చుట్టూ నెమ్మదిగా తిరిగింది. కారుకి నాలుగువైపులా నిలబడి అద్దుకోవలసినంత ముక్కు ఎవరికీ ఉండదని పెళ్ళికాని స్టెప్నీకి కూడా తెలుసు. డబ్బా అద్దంలోంచి సన్నటి ఎర్రగీత మట్టిమీద పాకింది. స్కానర్. ఆవిడ డబ్బా మూసి, హీల్స్ టకటకలాడించుకుంటూ లిఫ్ట్ ఎక్కింది. స్టెప్నీ మెట్లమీదుగా పరిగెత్తాడు. మూడో మలుపులో మీసం ఊడి రాలిపోయింది.

షోరూమ్‌లో కుండీల మధ్య కంపెనీవారి అతిపెద్ద బండి నిలబడి ఉంది. సొంత శాటిలైట్ కనెక్షన్ దాని గొప్ప. కన్వర్టిబుల్ డ్రైవర్ సీట్లో కూచుని, డబ్బాని డాష్‌బోర్డుకి కలిపి ఉంది. స్క్రీన్‌మీద కొలతలు ఎంతవరకు వెళ్ళాయో చూపించే నీలం గీత సగం దాటింది. స్టెప్నీ రెండోవైపు తలుపు తీసి లోపల కూలబడి, పెన్ను క్యాప్ తీశాడు. గీత ఆగలేదు. పెన్నుని విదిలించాడు. లెదర్ సీటుమీద ఇంకు మరక పడింది.

"వాళ్ళు మామూలు పెన్నే ఇచ్చినట్టున్నారు," అందావిడ. కళ్ళద్దాలు తీసింది. కళ్ళకింద అలసట ఉంది. "ఒక్క నిమిషం విను. పిచ్చుకని మీ బోర్డు నిన్ననే చంపేసింది. చిన్నకార్ల లైనుని అమ్మకానికి పెట్టింది. కొనేది మావాళ్ళే. లైను అమ్ముతారట, డిజైన్ మాత్రం అమ్మరట. తమ ఏనుగులకి పోటీ వస్తుందని. కారు లేకుండా లైను కొని మావాళ్ళేం చేసుకుంటారు? ఇది వెళ్తే పిచ్చుక ఇక్కడే, ఆ మనుషుల చేతులమీదే తయారవుతుంది."

"దొంగతనానికి ఇంత మంచి కారణం ఎప్పుడూ వినలేదు."

"ఓవెన్ పక్కనే నిలబడ్డావు కదా. అదెందుకు వేడిచేస్తున్నారో అడగలేదా? పోయిన మోడల్‌ని గీకి, ఆ మట్టిని మెత్తబరిచి కొత్తదానికి పెడతారు. స్టూడియోకి వెళ్ళి చూసిరా, నేనెక్కడికీ పోను."

నీలం గీత చివరికొచ్చేసింది. స్టెప్నీ ఆవిడ మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పేవాళ్ళ కళ్ళు ఇంత స్థిరంగా ఉంటాయని ట్రెయినింగ్‌లో చెప్పారు. నిజం చెప్పేవాళ్ళ కళ్ళు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేదు. లైను బతుకుతుందంటోంది. తిరగేస్తే, లైను పోతుందని. అక్క వీపు కళ్ళముందు కదిలింది, సింకు దగ్గర, ఇటు తిరక్కుండా. అతను కాలితో డాష్‌బోర్డు కింది మూత తన్ని, ఫ్యూజు పీకేశాడు.

స్క్రీన్ నల్లబడింది. గీతకి గోరంత మిగిలిపోయింది.

ఆవిడ కోప్పడలేదు. పౌడర్ డబ్బా అతని ఒళ్ళో పెట్టి కళ్ళద్దాలు తగిలించుకుంది. "ఎప్పుడో ఒకసారి నిజం చెబుతాను. ప్రతిసారీ ఇలాగే అవుతుంది," అంది. కుండీల మధ్యనుంచి నడిచి, గాజు తలుపు తోసుకుని వీధిలో కలిసిపోయింది. ఆవిణ్ణి పట్టుకోమని స్టెప్నీకి ఎవరూ చెప్పలేదు. పోలీసులొస్తే పేపర్లవాళ్ళూ వస్తారు.

స్టెప్నీ డబ్బాతో స్టూడియోకి పరిగెత్తాడు. ఓవెన్ వేడెక్కినట్టుంది. మోడలర్లు పనిలో ఉన్నారు. పిచ్చుక వెండిరేకు ఒలిచేసి పక్కన చుట్టిపెట్టారు. ఒక హెడ్‌లైటు అప్పటికే లేదు. పెద్దాయన బ్లేడుతో కప్పు గీకుతున్నాడు. చుట్టలు చుట్టలుగా రాలుతున్న మట్టిని ఎత్తి ట్రేల్లో నింపుతున్నారు. అవతల గదిలో కొత్త ఏనుగు బానెట్ ఇంకా ఎత్తు కావాలట.

"ఏప్రన్ వేసుకున్నావు కదా, ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు పెద్దాయన.

చీఫ్ మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు. డబ్బాని సొరుగులో పెట్టి తాళం వేశాడు. పిచ్చుక పోయిందని మీకు ముందే తెలుసా సార్ అని స్టెప్నీ అడిగాడు.

"తెలిసే కదా నిన్ను పెట్టింది. మనం చెయ్యనిది ఇంకోడెవడూ చెయ్యకూడదు. దాన్ని స్ట్రాటజీ అంటారు." అని, ఏనుగు బండి కీచైన్ ఒకటి బహుమతిగా ఇచ్చాడు. దానికి తాళంచెవి లేదు. సీటుమీద ఇంకు మరక సంగతి జీతంలో చూసుకుంటామన్నాడు.

ముఠా బేరం వదులుకుని వెళ్ళిపోయింది. లైనుని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. ఈ సంగతులేవీ బావకి తెలీవు. ఎవడో మనవాడు ప్రాణాలకు తెగించి విదేశీ దొంగల్ని ఆపాడట, లేకపోతే ఇంకా ఘోరం జరిగేదట అని ఫ్యాక్టరీ గేటు దగ్గర విన్నది మాత్రం ఇంటికొచ్చి చెప్పాడు. ఆ బిడ్డ ఎవరోగాని చల్లగా ఉండాలి అంది అక్క, తమ్ముడికి టీ అందిస్తూ. స్టెప్నీ నాలుక కాలింది.

నెల తిరిగాక అతను షోరూమ్ మీదుగా వెళ్తుంటే, చిన్నకారు తీసేసిన చోట కొత్త కుండీ కనిపించింది. పక్కన కంపెనీ చొక్కాలో బావ, చేతిలో నీళ్ళ పైపు. తను ఎవరితోనూ చెప్పలేదని, బావే తిరిగి తిరిగి సంపాదించుకున్నాడని స్టెప్నీకి తెలుసు. అయినా బావ దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"పైవాళ్ళకి ఓ మాట అన్నట్టున్నావు. థాంక్స్‌రా," అన్నాడు. "ఉద్యోగం ఢోకాలేనిదే. కార్లలో ఏది ఉంచాలో ఏది తియ్యాలో వాళ్ళకింకా తేలలేదుగాని, మొక్కల్లో మాత్రం అన్ని మోడల్సూ పెంచుతారట."