మీదికెళ్లి వచ్చిన మంట

కంది దాటాక హైవే పక్కన ఒక మట్టిరోడ్డుంది. చీకటిపడితే అటు ఎవరూ బండి తిప్పరు. పోయినేడు ఆ రోడ్డు పక్క చేనులోనే విమానం కూలింది. మందుల ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చిన ఏదో ద్వీపదేశం అధ్యక్షుడు అందులోనే కాలిపోయాడు. అప్పటి నుంచి అక్కడ ఒక మగగొంతు తెలుగులో ఏదో మూలుగుతుందని ఇస్నాపూర్‌లో అందరూ చెప్తారు.

"ఆ ప్రెసిడెంటు దెయ్యమేనక్కా," అంది మా పక్కింటి దీప్తి.

"ఆ దేశపోడు తెలుగుల ఎందుకు మూలుగుతడే?" అన్నాను.

విమానం ఎందుకు కూలిందో ఎవరి కథ వాళ్లది. ఆ దేశం కుట్ర అంది. విమానం చేసినవాళ్లు పైలట్ తప్పన్నారు. మన విచారణాధికారులేమో — ఆ చేను రైతు లింగం కోతయ్యాక మిగిలిన మక్కచొప్ప తగలబెట్టాడు, ఆ పొగలో పైలట్‌కు దారి కనబడలేదు అన్నారు. చచ్చినవాళ్లను అడగలేరు, కంపెనీని అడగరు. లింగం దొరికాడు. జైల్లో వేశారు. శుక్రవారం తీర్పు. 'మంట పైకి వెళ్లింది' అని స్వయంగా అతనే వాంగ్మూలం ఇచ్చాడట!

అది ఇంగ్లీషులో రాసుకున్న విచారణాఫీసు గుమస్తా బద్రీనాథ్‌ది గుంటూరు వైపు. దీప్తి వాళ్ల మేడమీద కిరాయికుంటాడు. మొన్న చీకటిపడ్డాక హైవే జామైతే ఆ మట్టిరోడ్డు పట్టాడు.

చేను దగ్గరికి రాగానే బండి గుంటలో పడి ఆగిపోయింది. లైటు ఆరింది. ఎక్కడా అలికిడి లేదు...

అప్పుడు వినబడింది — నేల లోపలి నుంచి వచ్చినట్టు, బొంగురుగా.

"మంట... మీదికెళ్లి... వచ్చింది..."

అతను తాళం తిప్పి తిప్పి చూశాడు, బండి కదల్లేదు.

"ఎ... ఎవరు?"

"మీదికెళ్లి... ఆకాశంలకెళ్లి... విమానం కాలుకుంట వచ్చింది..."

"మీదికి వెళ్లిందనేగా నేను రాసింది!" ఏడుపుగొంతుతో అరిచాడు.

రోడ్డు పక్కన పడున్న పెద్ద సిమెంటు పైపులోంచి ఒక ఆకారం పాకుతూ బయటికొచ్చింది. లేచి చీర దులుపుకుంది... లింగం భార్య కౌసల్య.

"వెళ్లుడు కాదు సారూ. మీదికెళ్లి అంటే మీది నుంచి. ఇంటికెళ్లి వచ్చిన అంటే ఇంట్ల నుంచి వచ్చిన అని. గింత తెల్వదా? విమానం ఆకాశంలనే అంటుకున్నది. దాని మంటకే మా చేను కాలింది."

బద్రీనాథ్ బండి దిగాడు. "మరి... ఆఫీసుకొచ్చి చెప్పొచ్చుగా, అమ్మా?"

"వచ్చిన. గేటుకాడనే ఎల్లగొట్టిరి. మనిషినై చెప్తె ఒక్కడు ఇనలే. పైపుల కూసోని గొంతు బొంగురు జేసి దెయ్యాన్నైతే ఊరంత ఇన్నది. నువ్వే మిగిలినవ్."

"రేపు మా సార్‌కి చెప్తాను—"

"నీ సారుకు తెలుగొస్తదా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

కౌసల్య బండి తాళం లాగి కొంగున ముడేసుకుంది.

"జడుసుకున్నవా? మంచిగైంది. నా మొగడు ఆడ ఏడాది సంది జడుసుకుంటున్నడు. ఫోన్ లైటు పెట్టు. నువ్వు తప్పు రాసినవని నీ చేతితోటి రాయి. రాసినాకనే పో."