నమ్మకూడని మెయిల్

"మీ బడికి ఫైర్‌వాల్ పెట్టడానికి వస్తున్నా మేడమ్" అని విద్యాశాఖ కంప్యూటర్ల ఇంజినీరు ఫోన్లో చెప్పాడు. లైను గరగరలాడింది. హెడ్‌మిస్ట్రెస్ చెవికి చేరింది 'మీ బడికి ఫైర్' వరకే.

అతను డబ్బా చంకన పెట్టుకుని గేటు దగ్గరికి చేరేసరికి పిల్లలంతా మైదానంలో వరసలు కట్టి ఉన్నారు. ఎదురుగా లైబ్రేరియన్, చేతిలో ఇసుక బకెట్.

"మంట ఎక్కడండీ?"

"మంట లేదండీ. ఈ డబ్బాలో ఉన్నది గోడ."

"గోడని చంకలో పెట్టుకొచ్చారా?"

"దొంగలు మీ కంప్యూటర్లలోకి దూరకుండా ఆపే గోడండీ."

ఆమె బకెట్ దించి అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంత ఇసుక మోయించారు. కనీసం ఆ గోడ కట్టడానికైనా వాడుకోండి."

ఆ రోజు నుంచి జిల్లాలోని బడులన్నిటికీ అతను 'గోడగారు' అయిపోయాడు.

గోడగారి గోడు వినేవాళ్లు మాత్రం లేరు. విద్యాశాఖ ఆఫీసు కింది అంతస్తులో, కిటికీ లేని గది అతనిది. పొద్దున్నే ఒక్కో బడి కంప్యూటర్‌నీ 'ఉన్నావా?' అని పలకరించడం అతని మొదటి పని. అన్నీ బుద్ధిగా 'ఉన్నాను' అంటాయి. 'నువ్వున్నావా?' అని ఒక్కటీ అడగదు. మధ్యాహ్నం మిణుకు మిణుకుమనే పచ్చదీపాల ఎదుట కూర్చుని క్యారేజీ విప్పేవాడు. ఎవరితోనైనా మాట్లాడదామంటే గొంతు సర్దుకోవలసి వచ్చేది, అన్ని గంటలు వాడకంలో లేక. జిల్లా అంతా కంప్యూటర్ల వల పరిచినవాడికి వలపు మాత్రం ఏ కొసనా తగల్లేదు.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "ఒరేయ్ తమ్ముడూ, మిషన్లతో ఎన్నాళ్లు మాట్లాడతావురా?"

"అవి తిరిగి పెళ్లెప్పుడని అడగవక్కా."

టీచర్లు మోసపు మెయిళ్లకు చిక్కకుండా ఉండాలని అతనే అప్పుడప్పుడు ఉత్తుత్తి ఎరలు వేసేవాడు. నొక్కినవాళ్లకు పాఠం తప్పదు. ఓసారి 'మీ లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఉచితం' అని పంపితే జిల్లా మొత్తంలో ఒక్కరే చిక్కారు. లైబ్రేరియన్.

"పుస్తకాలు చూపించి ఎర వేస్తారా? మీకు మనసనేది ఉందా అసలు?" అంది పాఠానికి వచ్చి.

"గోడకి ఎక్కడుంటుందండీ."

ఆమె నవ్వేసింది. తరవాత బుద్ధిగా రాసుకుంది: తెలియని అడ్రసు, తియ్యటి మాటలు, తొందరపెట్టడం. ఈ మూడూ కలిసొస్తే మోసమే. నమ్మకుండా వెంటనే ఫిర్యాదు చేయాలి. సందేహం తీరకపోతే పంపిన మనిషిని నేరుగా అడగాలి.

ఆ బడిలో వైర్లు అప్పటినుంచి తరచూ పాడవుతున్నట్టు అతనికి అనిపించేది. వెళ్లేవాడు. బాగున్న వైరునే ఊడదీసి మళ్లీ పెట్టేవాడు. ఆమె కుర్చీ జరిపి, చదివిన పుస్తకం కథ చెప్పేది. ఆ కాసేపే అతని గొంతుకు పని.

ఇంతలో ఆమెకు బదిలీ అయింది. వేరే జిల్లా, వేరే వల. ఆ వారంలోనే ప్రయాణం. ఎదుట పడి చెబుదామని వెళ్లి, వైరు బిగించి వచ్చేశాడు. చివరికి మెయిల్ రాశాడు. సొంత విషయానికి ఆఫీసు అడ్రసు వాడకూడదని రూలు పెట్టింది తనే కనుక, సొంత అడ్రసు నుంచి పంపాడు.

'మీరు వెళ్లిపోతే నా రోజులో మాటే ఉండదు. నాకు మీరంటే చాలా ఇష్టం. దయచేసి ఇవాళే జవాబివ్వండి. ఇట్లు, గోడ.'

గంటలోపే అతని తెర మీద ఎర్రగంట మోగింది. లైబ్రేరియన్ ఫిర్యాదు. ఫిర్యాదు అందగానే ఆ మెయిల్‌ని అన్ని బడులకూ హెచ్చరికగా పంపేలా కంప్యూటర్‌కి నేర్పింది కూడా తనే. కాబట్టి జిల్లాలో ప్రతి టీచరూ ఈపాటికి చదివేశారు: 'నాకు మీరంటే చాలా ఇష్టం.' పైన ఫిర్యాదు చేసిన లైబ్రేరియన్ పేరు, కింద ఎర్ర అక్షరాల్లో: 'దీన్ని నమ్మవద్దు.'

అతను తల పట్టుకున్నాడు. సిగ్గు సంగతి అలా ఉంచితే, జవాబు వచ్చేసినట్టే కదా. పచ్చదీపాలు మిణుకుమంటూనే ఉన్నాయి. ఇంత పెద్ద వలలో తానొక్కడే ఇలా తెగి పడ్డాడేమిటో.

తలుపు చప్పుడైంది.

"ఉన్నారా?"

ఆ మాట ఆ గదిలో ఇంతవరకూ అతను అనడమే గానీ వినలేదు. గుమ్మంలో లైబ్రేరియన్. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పోయినసారి పుస్తకాలు చూపించి ఆశ పెట్టారు. ఈసారి ఇదా? ఇలాంటి వాటితో కూడా పరీక్షలు పెడతారా మీరు?"

"పరీక్ష కాదండీ."

"తెలియని అడ్రసు. తియ్యటి మాటలు. పైగా ఇవాళే జవాబు కావాలట. మీరు చెప్పిన మూడూ ఉన్నాయి. ఫిర్యాదు చేశాను. అయినా మనసొప్పక, నేరుగా అడుగుదామని వచ్చాను. అది మీరు రాసిందేనా?"

అతను గొంతు సర్దుకున్నాడు. "నేనే. ప్రతి మాటా నిజమే."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే వేరే జిల్లాలో కూడా వైర్లు పాడవుతాయా?"

"మీరుండే చోట తప్పకుండా పాడవుతాయండీ."

ఫోన్ మోగింది. హెడ్‌మిస్ట్రెస్. "గోడగారూ, ఆ మెయిల్ దొంగ దొరికాడా?"

"దొరికాడు మేడమ్. నేనే."

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "అయితే అందరికీ సవరణ పంపించు నాయనా. పిల్ల పరువు పోతుంది."

అతను టైపు చేశాడు: 'ఇంతకుముందు హెచ్చరించిన మెయిల్ మోసం కాదు. ఆఫీసు నియమాలకు భయపడి సొంత అడ్రసు నుంచి పంపడం వల్ల పొరపాటు జరిగింది. అందులోని విషయం వాస్తవం.'

లైబ్రేరియన్ కీబోర్డు తనవైపు లాక్కుని ఇంకో ముక్క చేర్చి, తనే పంపేసింది:

'నేరుగా అడిగి తెలుసుకున్నాను. నమ్మవచ్చు.'