ఏం కూర, లచ్చక్కా?

"ఏం కూర వండినవ్, నర్సవ్వా?"

"వంకాయ. నిన్నటిదే, పొద్దుగాల ఎచ్చవెట్టిన. నీకెందుకే?"

నీలవేణి నవ్వుకుని నలభై మూడో ఆకుపచ్చ చుక్కను పక్కకు జరిపింది. అన్ని మాటలూ ఒకే ఊపిరిలో వచ్చాయి. ఈ పూటకు నర్సవ్వ గురించి దిగుల్లేదు.

ఆదిలాబాద్ శ్వాసశాలలో చలికాలం పొద్దులన్నీ ఇలాగే మొదలవుతాయి. కిటికీ అవతల పొగమంచు, అందులో కలిసిన జిన్నింగ్ మిల్లుల పత్తి నుసి. ఇవతల ఇరవై మంది ఊపిరికాపరులు, ఒక్కొక్కరికి అరవై గొంతులు. ఊళ్లో ఆయాసం ఉన్న ప్రతి మనిషి మెడకూ ఒక గొంతుపట్టీ ఉంటుంది. అది ఛాతీలోని పిల్లికూతలు విని, శ్వాసశాలలో ఉన్న ఆలకి అనే యంత్రానికి చేరవేస్తుంది. ఆలకి వాటిని లెక్కించి గోడ మీది చుక్కకు రంగు వేస్తుంది. కూతలు పెరిగితే ఎరుపు, నర్సునూ మందులనూ తీసుకుని వెచ్చబండి దానంతటదే బయలుదేరుతుంది. తగ్గితే ఆకుపచ్చ, జనం ఊరికే పీల్చేయకుండా ఇన్‌హేలర్‌కు బీగం పడుతుంది. మొదట్లో వేళ్లకు ప్రాణవాయువు కొలిచే ఉంగరాలు కూడా పంచారు గానీ, చలికి కొయ్యబారిన వేళ్ల మీద అవి నోటికొచ్చిన అంకెలు చెప్పేవి. వాటిని మూలన పడేశారు.

పట్టీలోంచి మాట్లాడే వీలున్నా, కాపరులు ఎవరితోనూ మాట్లాడాల్సిన పనే లేదు. పై అధికారి విఠల్ సార్ వారానికోసారి ఆ మాట గుర్తు చేస్తాడు. నీలవేణి చెవిన వేసుకోదు. ఆయాసం ముదిరిన రోజుల్లో వాళ్లమ్మ ఏం కూర వండాలో చెప్పబోయి మధ్యలో ఆగిపోయేది. ఎక్కడ ఆగిందో చూసుకుని నీలవేణి మందు తెచ్చేది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఏడుంబావుకు భూమన్న చుక్క ఎర్రబడింది. ఊళ్లో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క వెచ్చబండి ఆయన ఇంటి వైపు కదిలింది.

"ఏం కూర, తాతా?"

"కూరనా? గీ చలికి నా కొడుకు లేస్తె కద కూర! ఏడు దాటినా దుప్పటి తియ్యడు, నేనే చాయ్ పెట్టుకున్న, గా చాయ్‌ల గూడ సక్కెర లేదు!"

ముసలాయన ఛాతీలో పిల్లులు కొట్లాడుకుంటున్నంత మోత. మాట మాత్రం ఎక్కడా తెగలేదు.

తర్వాతి చుక్క లచ్చుబాయిది. మిల్లులో పత్తి ఎగదోసే పని ఆమెది. తెల్లవారుజామున పసుపులో ఉన్న చుక్క ఇప్పుడు నిండు ఆకుపచ్చగా ఉంది. కూతలు సున్నా. కింద ఆలకి 'తేరుకున్నారు' అని రాసింది.

"ఏం కూర, లచ్చక్కా?"

మామూలుగా ఈ ప్రశ్నకు లచ్చుబాయి ఉల్లిగడ్డ కోయడం నుంచి మొదలుపెడుతుంది. ఆపడమే కష్టం.

"చిక్కుడు..." ఒక ఊపిరి. "కాయ."

"అండ్ల ఏమేసినవక్కా?"

ఒక ఊపిరి. ఇంకో ఊపిరి. "చెల్లె..."

పిల్లికూత పుట్టాలన్నా లోపల కాస్త గాలి ఆడాలి. లచ్చుబాయికి ఆ కాస్త కూడా ఆడడం లేదు. ఆడని గాలిని పట్టీ ఎలా వింటుంది?

నీలవేణి చేతితాళం తిప్పి లచ్చుబాయి ఇన్‌హేలర్ బీగం తీసింది. భూమన్న ఇంటికి వెళుతున్న బండిని మిల్లు వైపు మళ్లించింది. గోడంతా గంటలు మోగాయి. విఠల్ సార్ పరుగున వచ్చాడు.

"ఆకుపచ్చకు బండి పంపుతవా? ఎర్రగున్న ముసలాయనకు ఏమన్నయితే ఎవలు జవాబు చెప్తరు?"

"నేనే చెప్త సార్. ఆయనకు కొడుకును తిట్టే ఊపిరి ఉన్నది. ఈమెకు కూర పేరు చెప్పే ఊపిరి లేదు."

ఒక చెవిలో భూమన్న, ఇంకో చెవిలో లచ్చుబాయి. "తాతా, మందు గొట్టం పెట్టుకొని నాలుగుసార్లు పీల్చు, ఒక్కొక్కటి నిమ్మలంగ. నేను లైన్లనే ఉంట." "అక్కా, పండుకోకు, కూసోనే పీల్చు. బండి వస్తున్నది." భూమన్న ప్రతి పీల్పుకూ ఒక తిట్టు తిట్టాడు. ఆ తిట్లు వింటుంటే ఆమెకు ధైర్యంగా ఉంది. రెండో చెవిలో ఏమీ వినబడకపోవడమే ఆమెను చంపుతోంది.

పదకొండు నిమిషాలకు బండిలోని నర్సు రేఖ పలికింది. "అందిందక్కా. ఆక్సిజన్ పెట్టినం, మందు ఎక్కుతున్నది. పెదాలు నీలంగుండె, ఇప్పుడు రంగు తిరుగుతున్నయ్. ఇంకింత ఆలస్యమైతే దక్కకపోవు."

అప్పుడే గోడ మీద లచ్చుబాయి చుక్క భగ్గున ఎర్రబడింది. కూతలు మొదలయ్యాయి! లోపల గాలి ఆడుతోంది! ఆలకి ప్రమాదం ప్రమాదమని గోల పెడుతుంటే, ఆ ఎరుపును చూసి నీలవేణి సంతోషంతో ఏడ్చేసింది. కింద భూమన్న చుక్క పసుపులోకి దిగింది. సక్కెర సంగతి ఆయన ఇంకా వదల్లేదు.

బండి మళ్లింపుకు కారణం చెప్పమని ఆలకి పద్నాలుగు గడులు చూపింది. ఒక్కటీ సరిపోలేదు. 'ఏం కూర అంటే చెప్పలేకపోయింది' అని నీలవేణి రాసింది. 'చెల్లని కారణం' అని జవాబొచ్చింది.

వెనక నిలబడి అదంతా చదివిన విఠల్ సార్ తన బల్ల దగ్గరకు వెళ్లాడు. గోడ మీద సున్నా కూతలున్న చుక్కనొకదాన్ని ఎంచుకుని, గొంతు సవరించుకుని, ఆఫీసు నోటీసు చదివినట్టు అడిగాడు.

"ఏం కూర, అమ్మా?"

పక్క బల్ల వాళ్లు తలెత్తి చూశారు. కాసేపటికి గదిలో ఇరవై గొంతులు అదే ప్రశ్న అడుగుతున్నాయి. అనవసర సంభాషణ అని ఆలకి హెచ్చరించసాగింది.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి లచ్చుబాయి గొంతు వచ్చింది.

"చిక్కుడుకాయల టమాట ఏసి మీదికెల్లి నువ్వుల పొడి చల్లిన చెల్లె, జొన్నరొట్టెల్లకు మస్తుంటది, డబ్బా మిల్లులనే ఉండిపాయె, ఎవలన్న తింటె మంచిగుండు!"

నీలవేణి వేళ్లు మడిచి మాటలు లెక్కపెట్టబోయి, మధ్యలో మానేసి, హాయిగా వెనక్కి వాలింది. ఆలకి మళ్లీ హెచ్చరించింది. లచ్చుబాయి ఇంకా చెబుతూనే ఉంది. విఠల్ సార్ లేచి వెళ్లి ఆలకి గొంతు తగ్గించాడు.