ఇరవై ఏడో నంబరు హాజరు

మా వీధి చివర హైస్కూల్లో, మేడ మీద, వరండా కొసన ఒక గది ఉంది. పదో తరగతిది. ఈ సెలవుల్లో దానికి చెడ్డపేరు వచ్చింది. చీకటి పడితే అందులో ఎవరో హాజరు పిలుస్తారట... పిల్లల గొంతులు పలుకుతాయట. బడికి తాళం వేసి ఉండగానే!

ఎవరు విన్నారయ్యా అంటే, బడి వాచ్‌మన్. ప్యాంటు పొట్టి చేయించుకోడానికి నా కుట్టు షాపుకొచ్చి, గుసగుసగా చెప్పాడు. "బడి మానేసిన పిల్ల ఒకతి పోయిందమ్మా... చదువు మీద బెంగ తీరక, తిరిగొచ్చి బెంచీలో కూర్చుంటోంది."

బడి ఉన్నప్పుడే రాని పిల్లలు సెలవుల్లో, అదీ రాత్రిపూట వస్తున్నారంటే కచ్చితంగా దెయ్యాల పనే అని నేనూ నమ్మేశాను.

ఇక అసలు సంగతి. నా దగ్గర కాజాలు కుట్టే పిల్ల చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. పోయినేడాది తొమ్మిదో తరగతి మొదలైన వారానికే వాళ్లమ్మ కాలు విరిగి మంచాన పడింది. ఇది బడి మానేసి నా దగ్గర చేరింది. ఇప్పుడు తల్లి లేచి తిరుగుతోంది. దీనికి మళ్ళీ బడికి పోవాలని ఒకటే పట్టు.

"తొమ్మిదోదే మళ్ళీ చదువుతానక్కా. ఈ ఏడు కూడా పోతే మావాళ్లు ఇంక పంపరు" అనేది.

నేనేమో మహాతల్లిని కదా, యూనిఫాంల సీజన్ అని హెడ్మాస్టర్ని కలవడానికి ఒక్క పూట సెలవివ్వలేదు. రేపు బడి తెరుస్తారనగా, రాత్రి ఎనిమిదిన్నరకి వదిలాను. మిగిలిన గుడ్డతో తనకీ ఒక జత యూనిఫాం కుట్టుకుంది. అది తొడుక్కుని, చేర్చుకోమని రాసిన అర్జీ పట్టుకుని బయల్దేరింది. హెడ్మాస్టర్ గది మేడ మీదే. తలుపు సందులోంచి లోపలికి తోసేసి వస్తుందట.

"ఒసేయ్, అక్కడ దెయ్యం ఉందటే!" అన్నాను.

"దానికి సీటు దొరికిందిగా అక్కా. నా సంగతి నేను చూసుకోవాలి" అంది.

గేటుకి గొలుసు ఊరికే చుట్టి ఉంది. వాచ్‌మన్ లేడు. లైట్లు లేవు. గోడ తడుముకుంటూ మెట్లెక్కింది. సగం మెట్లెక్కేసరికి... పైనుంచి ఒక గొంతు.

"ఇరవై నాలుగు..."

"ప్రెజెంట్ సార్."

"ఇరవై ఐదు... ఇరవై ఆరు..."

పిల్లల గొంతులు. సన్నగా, చీకట్లోంచి, ఒకదాని వెనక ఒకటి. ఇది ఆ మెట్టు మీదే ఆగిపోయింది. వెనక్కి పరిగెడదామనుకుంది... అంతలో—

"ఇరవై ఏడు..." ఆ వెంటనే ఇంటిపేరుతో సహా పిలిచిన పేరు... దీనిదే!

ఇది పలకలేదు. లోపల ఎవరో పలికారు.

"ప్రెజెంట్ సార్."

"అక్కా, వాచ్‌మన్ చెప్పిన ఆ పోయిన పిల్లని నేనేనేమో అనుకున్నాను" అని చెప్పింది నాతో. చెయ్యి గిల్లుకుని చూసుకుందట. నొప్పి పుట్టింది. నొప్పి వెంటే ఒళ్ళు మండింది. దెయ్యమైతే మాత్రం, నా సీట్లో కూర్చుంటుందా! విసురుగా వెళ్లి తలుపు తోసింది.

"సార్... ఇరవై ఏడు నేను."

టార్చి లైటు ఇటు తిరిగింది. గుమ్మంలో యూనిఫాం వేసుకున్న ఆడపిల్ల... ఇంకేముంది! హెడ్మాస్టరు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. లెక్కల మాస్టారికి దేవుడి పేరు గుర్తురాక పదమూడో ఎక్కం అందుకున్నారు, అదీ తప్పుల్తో. తను అల్లిన కథకి తనే జడిసిపోయి వాచ్‌మన్ బెంచీ కింద దూరాడు.

జడవనిది ఒక్క చిన్నపిల్లే. "అక్కా, నువ్వు దెయ్యానివా?" అంది.

"కాదే. నువ్వెవరివి?"

"నేను నువ్వే. మావయ్య బిస్కెట్లు ఇస్తానన్నాడు."

మావయ్యంటే లెక్కల మాస్టారు. పదో తరగతిలో నలభై మంది లేకపోతే ఆయన పోస్టు ఎగిరిపోతుంది. మానేసిన వాళ్లు పదకొండు మంది. బడి తెరిచిన రోజే తనిఖీ. అందుకని వేరే బడి పిల్లల్ని పోగేసి, ఎవరి కంటా పడకుండా రోజూ రాత్రి ఈ సాధన. ఎవరూ మేడెక్కకుండా దెయ్యాన్ని పుట్టించిందీ వీళ్లే.

హెడ్మాస్టరు దుమ్ము దులుపుకుని లేచారు. అర్జీ చదివి నవ్వారు. "నిన్ను కొత్తగా ఎలా చేర్చుకోనమ్మా? నువ్వు మానేస్తే కదా! పోయినేడాది నీకు ఒక్కరోజు నాగా లేదు. పదికి పాసయ్యావు కూడా. రేపొచ్చి నీ బెంచీలో కూర్చో, అంతే."

పిచ్చిపిల్ల, ఎగురుకుంటూ వచ్చి నాకు చెప్పింది. ఆ రాత్రి నిద్రే పోలేదట.

తెల్లారింది. తనిఖీ ఆఫీసరు వచ్చాడు. గట్టివాడే, లెక్కపెట్టి ఊరుకోలేదు. పోయినేడాది సైన్సు మాస్టారు ఏం ప్రయోగం చేసి చూపించారని ఒక్కొక్కరినీ అడిగాడు. అరువు పిల్లలు రాత్రుళ్లు బట్టీపట్టిందంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు. దీని వంతు వచ్చింది.

"తెలీదు సార్. పోయినేడాది నేను కాజాలు కుట్టాను."

ఆఫీసరు రిజిస్టరు తిరగేశాడు. ఒక్క నాగా లేదు. "అయితే నువ్వు ఇరవై ఏడు కాదన్నమాట. ఎవరు పంపారు నిన్ను?"

"నేనే సార్... హెడ్మాస్టర్ సార్, మీరు చెప్పండి సార్..."

ఆయన ఒక్క మాట చెబితే చాలు. కళ్లజోడు తీశారు. తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు.

"మరి అసలు ఇరవై ఏడు ఎవరు?" అన్నాడు ఆఫీసరు.

బిస్కెట్ల ఆశతో వెనక బెంచీలో కూర్చున్న లెక్కల మాస్టారి మేనకోడలు చటుక్కున లేచింది. "ప్రెజెంట్ సార్!" ప్రయోగం మొత్తం చెప్పేసింది. ఆఫీసరు శభాష్ అన్నాడు.

"వెళ్లమ్మా... క్లాసు పాడుచెయ్యకు" అన్నారు హెడ్మాస్టరు, దీని మొహం చూడకుండా.

నలభై మందీ సక్రమంగా ఉన్నారనీ, బయటి పిల్ల ఒకతి దొరికితే పంపేశామనీ ఆఫీసరు రాసుకున్నాడట. మాస్టారి పోస్టు నిలబడింది.

పదకొండింటికి ఇది షాపులోకొచ్చింది. పని పేరుకుపోయి ఉందేమో, దాన్ని చూడగానే ముందు నాకు సంతోషమేసింది. ఛీ, నా బతుకు! ఏం జరిగిందో అంతా చెప్పింది. ఏడవలేదు. యూనిఫాం మార్చుకోకుండానే సూదిలో దారం ఎక్కించి కూర్చుంది.

నాలుగు కాజాలు కుట్టి, మెల్లగా అడిగింది.

"అక్కా... పదో తరగతి పరీక్ష కూడా ఆ పిల్లే రాస్తుందా?"

"రాస్తుందేమోనే."

"మరి అది పాసైతే... నేను పైచదువుకి వెళ్లొచ్చా?"

వేళాకోళమేమోనని దాని మొహంలోకి చూశాను. కాదు... నిజంగానే అడుగుతోంది.