గరిటెల మేకుకి వచ్చిన కబురు

మా నాన్న “చేసుకోండి” అన్న మాట విన్నది నేనొక్కదాన్నే కాదు. వంటింట్లో టీ తాగుతున్న మా గ్రూపంతా విన్నది.

తప్పదు మరి. కొండమీది ఆ క్యాబిన్ మొత్తానికి సిగ్నల్ దొరికేది వంటింటి కిటికీ పక్కన, గరిటెలు తగిలించే మేకు దగ్గరే. గరిట తీసి పక్కన పెట్టి, నిమ్మకాయలు వచ్చిన వల సంచిలో ఫోన్ వేసి, ఆ మేకుకి వేలాడదీయాలి. చేత్తో పట్టుకుంటే కాల్ కట్. అందుకే అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడినా స్పీకర్లోనే.

మొదటిసారి ఆఫీసు స్నేహితులతో వెళ్ళినప్పుడు, వెనక్కి తిరిగి చూసుకోకుండా అమ్మకి అన్నీ వర్ణించాను.

“చోటు బావుందమ్మా. ఈ క్యాబిన్ నడిపే హోస్టే, ఒట్టి మూతిముడుపు మనిషి. నవ్వితే మనకి ఎక్స్‌ట్రా చార్జి వేస్తాడేమో.”

“వయసెంతుంటుందే?” అంది అమ్మ.

“ఇరవై తొమ్మిదండీ,” అన్నాడు నా వెనక ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి.

ఆయనే ఇప్పుడు మా ఆయన. ఈ ఒక్క మాట రాసుకోవడానికే కథంతా రాస్తున్నానని మీకు అనుమానం వస్తే, రానివ్వండి.

ఆ తర్వాత ఏ గ్రూపు కొండెక్కినా అందులో నేనున్నాను. ఉల్లిపాయలు తరగడం నేర్చుకున్నాను. కళ్ళు మండితే ఆయన ఏమీ అనకుండా కిటికీ తెరిచేవాడు. అంతే. నాకది చాలు.

ఇద్దరం పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామని ఇంట్లో చెప్పాను. అమ్మ అప్పుడే సంబరపడిపోయింది. నాన్న మాత్రం కదల్లేదు.

“అబ్బాయి మంచివాడే. కానీ నీకు జ్వరం వస్తే నాకెవరు చెప్తారు? ఆ మేకా? కబురందని చోటికి పిల్లనివ్వను.”

నాన్నని కాదనే ధైర్యం నాకు లేదు. ఆ కొండమీది మనిషిని వదులుకునే ధైర్యం అంతకన్నా లేదు.

అలా నలుగుతూనే మళ్ళీ కొండెక్కాను. రెండో రోజు సాయంత్రం వాన కుండపోతగా కురిసింది. మేకు దగ్గర కూడా సిగ్నల్ పోయింది. ఆయన రెయిన్‌కోటు తొడుక్కుని, “పాలు తెస్తాను,” అని జీపెక్కాడు. బాగా చీకటి పడ్డాక నిలువునా తడిసి వచ్చాడు.

“పాలేవి?” అన్నాను.

“మర్చిపోయాను.”

మా గ్రూపులో ఏ కబురూ కడుపులో దాచుకోలేని ఒక పిల్ల ఉంది, అందరం రేడియో అంటాం. “చూసుకోవే, ఇవాళ పాలు, రేపు నువ్వు,” అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఉప్పు డబ్బా ఒక అంగుళం జరిగినా కనిపెట్టే మనిషి, అంత దూరం వెళ్ళి పాలు మర్చిపోవడమేమిటి? నాతో విసిగిపోయాడేమో అనుకున్నాను.

పొద్దున్న అందరం పాలు లేని టీ తాగుతుంటే మేకు మీద ఫోన్ మోగింది. నాన్న.

“నిన్న వానలో ఫోన్ చేశాడే అబ్బాయి.”

“ఏ అబ్బాయి నాన్నా?”

“ఏ అబ్బాయేమిటి, నువ్వక్కడికి వెళ్ళినప్పుడల్లా, సాయంత్రం మీరంతా షికారుకి పోయాక చేసేవాడే. ‘మీ అమ్మాయి బావుందండీ, భోంచేసిందండీ,’ అంటాడు. నేను ‘ఊఁ’ అని పెట్టేస్తాను.”

తిరిగి చూశాను. ఆయన గరిట పట్టుకుని పైకప్పు పరీక్షిస్తున్నాడు.

“నిన్న అంత వానకి ఇంకేం చేస్తాడులే అనుకున్నాను. చేశాడు. వెనకాల లారీల చప్పుడు. ఎక్కడున్నావయ్యా అంటే, సిగ్నల్ పోయిందండీ, మీరు ఎదురు చూస్తారని కొండ దిగి పెట్రోల్ బంకు దగ్గరికి వచ్చానన్నాడు. ఆ వానలో నేనైతే దిగేవాణ్ణి కాదే. చేసుకోండి.”



“పాలకని ఎందుకు చెప్పారు?” అన్నాను, ఆయన వైపు తిరిగి.

“మీ నాన్నగారు ఒప్పుకోకముందే చెప్తే, గొప్ప చెప్పుకున్నట్టుంటుందని,” అని నవ్వాడు. ఎక్స్‌ట్రా చార్జి లేకుండా.

నాన్నకి థాంక్స్ చెప్పాలి, ఆయనకి చెప్పాలి, ఆ మేకుకి కూడా చెప్పాలి. అన్నిటికన్నా ముందు ఆయన చెయ్యి పట్టుకున్నాను. మధ్యలో గరిట ఉంది, ఉండనిచ్చాను.

రేడియో ఊరుకుంటుందా? ఫోన్ దగ్గరికి మూతి పెట్టి, “అంకుల్, మీకు ఫోన్ చేసే హడావిడిలో పాలు మర్చిపోయారు. మాకు పాలు లేని టీయే గతి,” అని కబురు మోసేసింది.

“ఎవరమ్మా అది? సరే, అందరూ వినండి,” అన్నాడు నాన్న. “రేపు పొద్దున్నే నేనూ మీ ఆంటీ బయలుదేరి వస్తున్నాం. ఆ మేకు కింద వెయ్యడానికి ఒక కుర్చీ తెస్తున్నాను. నిలబడి మాట్లాడితే కాళ్ళు లాగుతున్నాయని మా అమ్మాయి తొందరగా పెట్టేస్తుంది.”

వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది.

“పాలు కూడా తెస్తున్నామని చెప్పండి.”